ఖజానా మూతపడిన దినములు: అమెరికా విశ్వవిద్యాలయముల గ్రాంటు పద్దులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వపు ఆర్థిక సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆరంభమగును. రానున్న సంవత్సరపు వ్యయమునకు ఆ తేదీకి ముందే కాంగ్రెసు అనుమతి లభింపవలెను. పూర్తి అనుమతి కుదరనిచో కొన్ని వారములకైనను చాలునట్టి తాత్కాలిక తీర్మానము నెగ్గవలెను. అదియు నెగ్గనిచో, ఆ అర్ధరాత్రి గడచినంతనే, ప్రాణరక్షణకును ఆస్తిరక్షణకును సంబంధింపని కార్యాలయములు చాలవరకు తలుపులు మూసికొనవలెను. పార్లమెంటరీ పద్ధతికి అలవాటుపడిన మనకు ఈ షట్‌డౌన్ సంగతి వింతగా తోచుటలో ఆశ్చర్యము లేదు. మన రాజ్యాంగపు 116వ అధికరణము, బడ్జెట్టు ఆమోదము పొందులోగా ఓట్ ఆన్ అకౌంట్ మూలమున ఖర్చు నడుపుకొనుటకు దారి చూపినది. ద్రవ్య బిల్లు లోక్‌సభలో వీగిపోయినచో మంత్రివర్గము దిగిపోవునే గాని గుమాస్తా ఇంటికి పోవలసిన పని లేదు. అమెరికాలో అధ్యక్షుడును కాంగ్రెసును వేర్వేరుగా ఎన్నికై, బడ్జెట్టు తగవున ఒకరు మరియొకరిని గద్దె దింపజాలని ఏర్పాటు ఉండుటచేత, ఇరువురికిని పంతము వచ్చినపుడు నలిగిపోవునది కార్యాలయము. ఆ కార్యాలయము పంపు డబ్బుమీద ప్రయోగశాలలు నడుపుకొనుచున్న విశ్వవిద్యాలయము ఆ నలుగుటలో రెండవ వరుసలోనిది. మొదటి వరుసను గూర్చి పత్రికలు విస్తారముగ వ్రాసినవి. విశ్వవిద్యాలయములలోని గ్రాంటు కార్యాలయములు ఖజానా మూతపడిన దినములను దాటుటకు క్రమముగ అలవరచుకొనిన విద్య మాత్రము అంతగా వార్తలకెక్కలేదు. కాని రాజ్యమునకును శాస్త్రమునకును నడుమ ఎవరికెవరు బాకీదారులో ఆ పద్దులు చెప్పినంత సూటిగా ఉపన్యాసములు చెప్పవు.

ఈ మూసివేత అనాదిగా వచ్చిన ఆచారము కాదు. చట్టము కేటాయించిన మేరకు తప్ప ఖజానానుండి ధనము తీయరాదను నియమము 1787 నాటి రాజ్యాంగములోనిదే. అయితే పందొమ్మిదవ శతాబ్దమున కొన్ని శాఖలవారు ఏడాదికిచ్చిన పైకమును నడిమిలోనే వ్యయపరచి, అప్పులవాండ్రను వెంటబెట్టుకొని కాంగ్రెసు ముంగిట నిలుచుట పరిపాటియైనందున, వారి మాట చెల్లింపక తప్పని సంకటము కాంగ్రెసునకు కలుగుచుండెను. దానిని అరికట్టుటకు 1870లో లోటువ్యయ నిషేధ చట్టము పుట్టినది. 1884లో దానికి మరియొక కొస చేర్చి, అధికారులు ఎవరినుండియు ఉచిత సేవను సైతము స్వీకరింపరాదనిరి; ఊరకే చేసితిమని నేడు చెప్పినవారు రేపు జీతమునకై వచ్చి నిలుచుట వారెరిగిన సంగతియే. శాస్త్రపరిశోధన ఆనాటి శాసనకర్తల తలపులో లేదు. ఉండుటకు కారణమును లేదు: 1862 నాటి మారిల్ చట్టము రాష్ట్రములకు కళాశాలల కొరకు భూములిచ్చినది, 1887 నాటి హాచ్ చట్టము ఒక్కొక్క రాష్ట్రమునకు వ్యవసాయ ప్రయోగక్షేత్రము నిమిత్తము ఏటా 15,000 డాలర్లిచ్చినది, అంతకు మించి కేంద్ర ప్రభుత్వపు సొమ్ము ఆచార్యుల గడప తొక్కినది స్వల్పము.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ పరిస్థితిని తారుమారు చేసినది. వానెవర్ బుష్ నాయకత్వమున యుద్ధకాల పరిశోధన విశ్వవిద్యాలయములకు ఒప్పందములమీద అప్పగింపబడెను; 1945 జూలైలో ఆయన ట్రూమన్ అధ్యక్షునకు సమర్పించిన నివేదిక, శాంతికాలమునను రాజ్యము శాస్త్రమును పోషింపవలెనని వాదించెను. 1946లో నౌకాదళ పరిశోధనా కార్యాలయమును, 1950 మే 10న నేషనల్ సైన్స్ ఫౌండేషనును వెలసినవి. ఆ ఫౌండేషనునకు తొలి సంవత్సరము దక్కినది 2,25,000 డాలర్లు మాత్రమే. నేడది ఒక్క మధ్యరకపు గ్రాంటునకు సరిపోవును. వైద్యపరిశోధనకు బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, మనవారందరు ఎన్.ఐ.హెచ్. అని పిలుచునది, పెద్ద పోషకమైనది. 1960ల నడుమ విశ్వవిద్యాలయ పరిశోధన వ్యయములో నూటికి డెబ్బదికి పైగా కేంద్ర ప్రభుత్వమే భరించుచుండెను. తరువాత ఆ పాలు తగ్గినను సగమునకు పైననే నిలిచినది. ఇంత ధనమునకు లెక్కలు చూచుట ఆచార్యుల వలన కాని పనియై, ఒక క్రొత్త వృత్తి పుట్టెను. 1959లో ఆ వృత్తివారు తమకొక జాతీయ మండలిని సైతము స్థాపించుకొనిరి. సాధారణముగ పాలనా భవనపు ఏదో ఒక మూల గదిలో, ఎవరి కీర్తిలోను భాగము లేక, అందరి తప్పులలోను భాగమున్న ఉద్యోగము వారిది.

వారి పని యెట్టిదో కొంత దగ్గరగా చూడవలెను. గ్రాంటు మంజూరైనదనగా పైకము వచ్చి బ్యాంకులో పడినదని సామాన్యులు తలంతురు, అది పొరపాటు. వచ్చునది మంజూరు పత్రము. అందు గ్రాంటు సంఖ్య, పరిశోధకుని పేరు, ఆరంభ సమాప్తి తేదీలు, జీతములు, సామగ్రి, ప్రయాణము, పరోక్ష వ్యయము (అనగా భవనములు, విద్యుత్తు, పాలన వంటివాటి పాలు) మొదలగు పద్దులు వరుసగా ఉండును. ఆ పత్రమును నమ్ముకొని విశ్వవిద్యాలయము తన చేతి సొమ్ముతో పోస్ట్‌డాక్‌కు, అనగా డాక్టరేటు ముగించిన యువ పరిశోధకునకు, జీతమిచ్చును, ఎలుకలకు మేత కొనును, ద్రవ నత్రజని తెప్పించును. పిదప పద్దు సరిచూచి, వ్యయమైన మొత్తమును ప్రభుత్వపు చెల్లింపు వ్యవస్థనుండి డ్రా చేసికొనును. ముందుగానే పెద్ద మొత్తము తీసి దాచుకొందమన్న నియమము ఒప్పదు; తీసిన సొమ్మునకును చేసిన ఖర్చునకును నడుమ కాలము అత్యల్పముగ ఉండవలెను. ఊరి కిరాణా దుకాణదారు మోతుబరి యింటికి పద్దు వ్రాసికొని సరుకు పంపినట్లు, విశ్వవిద్యాలయములు అమెరికా ప్రభుత్వమునకు నిత్యము అప్పుమీద శాస్త్రమును సరఫరా చేయుచున్నవి. మోతుబరి యింట తగవు వచ్చి పెట్టె తాళపుచెవి కనబడనినాడు దుకాణదారు గతి యేమి?

చాలకాలము ఆ ప్రశ్న తలయెత్తలేదు. 1974 నాటి బడ్జెట్ చట్టము ఆర్థిక సంవత్సరపు ఆరంభమును జూలైనుండి అక్టోబరునకు జరిపిన పిదప, 1976 మొదలు ఏటేట అనుమతి లేని వ్యవధులు వచ్చినవి; 1977లో మూడుమార్లు వచ్చినవి. గర్భస్రావమునకు ప్రభుత్వధనము వెచ్చింపవచ్చునా అను వివాదముచే ఆనాడు నిలిచిపోయిన కేటాయింపు బిల్లు ఆరోగ్య, విద్యాశాఖలది, ఎన్.ఐ.హెచ్. సొమ్ము దానిలోనిదే. అయినను ఏ ప్రయోగశాలయు మూతపడలేదు. కాంగ్రెసు నేడో రేపో ఇచ్చునను విశ్వాసముతో అధికారులు వ్యయమును కొంత కుదించి పని సాగించిరి. 1978లో పదునేడు దినములు అట్లే గడచినవి. ఆ సర్దుబాటునకు స్వస్తి చెప్పినవాడు కార్టర్ అధ్యక్షుని అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి. కేటాయింపు లేనినాడు పనిచేయుటయే 1870 చట్టమునకు విరుద్ధమని 1980 ఏప్రిల్ 25న ఆయన అభిప్రాయమిచ్చెను. మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక దినము మూతపడెను, అదియే మొదటిది. 1981 జనవరిలో మరియొక అభిప్రాయమున ప్రాణరక్షణకును ఆస్తిరక్షణకును మినహాయింపు లభించెను. ఒక న్యాయాధికారి కొన్ని పుటలలో వ్రాసిన వ్యాఖ్యానము, కాంగ్రెసు చర్చింపకయే, రాజ్యాంగమంతటి ఆచారమైనది. ఆ మూసివేతలు ఇంత దీర్ఘముగ సాగునని తానూహింపలేదని వృద్ధాప్యమున ఆయనయే చెప్పెను. నా దృష్టిలో ఆయన చట్టమును సరిగానే చదివెను. పంతమునకు వెల యింతయని తేలినపుడు రాజకీయవేత్తలు బుద్ధిగా నడచుకొందురని తలంచుటలో మాత్రము మనుష్యులను సరిగా చదువలేదు.

1981 మొదలు 1990 వరకు జరిగినవన్నియు పూటయో, రెండు మూడు దినములో సాగినవి. గ్రాంటు కార్యాలయములకు అవి తెలియను కూడ తెలియలేదనవచ్చును. క్లింటన్ అధ్యక్షునకును గింగ్రిచ్ నాయకత్వపు కాంగ్రెసునకును జరిగిన పోరులో 1995 నవంబరున ఐదు దినములు, డిసెంబరు 16 మొదలు 1996 జనవరి 6 వరకు ఇరువదియొక్క దినములు కార్యాలయములు మూతపడగా, తొలిసారిగా శాస్త్రజ్ఞులకు దెబ్బ తగిలినది. ఎన్.ఐ.హెచ్. వారి బెథెస్డా ఆసుపత్రిలో క్రొత్త రోగులను పరిశోధనలలో చేర్చుకొనుట ఆగెను; వ్యాధుల జాడ కనిపెట్టు కేంద్రపు పర్యవేక్షణ నిలిచెను. ఆ వారములలో విశ్వవిద్యాలయములవారు గ్రహించిన భేదమొకటి కలదు: సెప్టెంబరు 30కి పూర్వమే ప్రభుత్వము చేయి కలిపి కట్టుబడిన సొమ్ము వేరు, ఇకమీదట కట్టుబడవలసిన సొమ్ము వేరు. మొదటిది ఖజానా మూసినను చెల్లునట్టిది, రెండవది గాలిలోనిది. గ్రాంటు కార్యాలయపు తరువాతి విద్య అంతయు ఈ భేదముమీద కట్టినదే.

ఆ విద్యకు నిజమైన పరీక్ష 2013 అక్టోబరున వచ్చెను. ఒబామా ఆరోగ్యచట్టముపై రేగిన కలహమున పదునారు దినములు కార్యాలయములు మూతపడినవి. సైన్స్ ఫౌండేషను ఉద్యోగులు ఏ కొలదిమందియో తప్ప అందరును, ఎన్.ఐ.హెచ్. ఉద్యోగులలో నూటికి డెబ్బదిమందికి పైగాను జీతము లేని సెలవుపై ఇంటికేగిరి. ఇచట 1884 నాటి కొస తన ప్రతాపము చూపెను: గ్రాంటు పర్యవేక్షించు ప్రోగ్రాం ఆఫీసరు, జీతమక్కరలేదు, ఒక్క ఈమెయిలునకు బదులిత్తునన్నను చట్టము ఒప్పదు. పందొమ్మిదవ శతాబ్దపు శాసనము ఇరువదియొకటవ శతాబ్దపు ఆఫీసు ఫోనును కట్టిపెట్టినది.

ఆ పదునారు దినములలో రెండు పోషక సంస్థల ఖజానాలు రెండు విధములుగ నడచినవి. ఎన్.ఐ.హెచ్. గ్రాంటులకు చెల్లింపులు చేయు వ్యవస్థ పనిచేయుచుండెను. సైన్స్ ఫౌండేషను చెల్లింపు వ్యవస్థ మాత్రము మూసివేయబడెను. అనగా ఒకే భవనములో పై అంతస్తు జీవశాస్త్రజ్ఞురాలి ఖర్చు ప్రభుత్వమునుండి వచ్చుచుండగా, క్రింది అంతస్తు భూగర్భశాస్త్రజ్ఞుని విద్యార్థుల జీతములను విశ్వవిద్యాలయమే ముందుగా మోయవలసివచ్చెను. ప్రభుత్వోద్యోగి ప్రమేయము లేనంతవరకు, చేత సొమ్మున్నంతవరకు పని సాగించుకొనవచ్చునని ఫౌండేషను చెప్పినది. చేత సొమ్మెవరిదో చెప్పలేదు. అక్టోబరు 5 ఎన్.ఐ.హెచ్.కు దరఖాస్తులు పంపు ప్రధానమైన గడువు. దానిని నవంబరునకు జరిపిరి. దరఖాస్తులను తూచు సమీక్షా సమావేశములు రెండువందలకు పైగా రద్దుకాగా, పదకొండు వేల దరఖాస్తుల భవిష్యత్తు తాత్కాలికముగ నిలిచిపోయినది. బెథెస్డా ఆసుపత్రి వారమునకు సుమారు 200 మంది క్రొత్త రోగులను, అందు సుమారు ముప్పదిమంది పిల్లలను, త్రిప్పి పంపవలసివచ్చినది. విశ్వవిద్యాలయముల సమాఖ్య నడుపు రేడియో దూరదర్శినులు, గ్రీన్ బ్యాంక్‌లోనివి, న్యూమెక్సికో ఎడారిలోనివి, అక్టోబరు 4న ఆకాశమువైపు చెవియొగ్గుట మానినవి. అంటార్కిటికాలో అది వేసవి ఋతువు మొదలగు కాలము. మెక్‌మర్డో, ధ్రువకేంద్రము, పామర్ స్థావరములను కేవల సంరక్షణ స్థితికి దింపుదుమని ప్రకటన వెలువడగా, ఓడలు, విమానములు, గుడారములు ఒకదానిమీద ఒకటి ఆధారపడిన ఆ ఏర్పాటు చెదరిపోయినది. కార్యాలయములు తెరచిన పిదపను కొందరి ఋతువు తిరిగిరాలేదు. మంచు ఖండమున వేసవి కాంగ్రెసు కొరకు ఆగదు.

తెలుగువారికి ఈ కథతో గల సంబంధము ఆ నెలలోనే కొట్టవచ్చినట్లు కనిపించెను. హెచ్-1బి వీసాపై పోస్ట్‌డాక్‌గా చేరదలచిన వానికొరకు విశ్వవిద్యాలయము ముందు కార్మికశాఖనుండి జీతము, పనిస్థలము గూర్చిన ధ్రువీకరణము పొందవలెను. ఆ పిదపనే వలస కార్యాలయమునకు దరఖాస్తు. వలస కార్యాలయము ఫీజులతో నడుచునది కనుక తెరచియుండెను. కార్మికశాఖ విభాగము కేటాయింపుతో నడుచునది కనుక మూతపడెను. తెరచిన తలుపును చేరవలెనన్న మూసిన తలుపు దాటవలెను. హైదరాబాదునుండియో విశాఖపట్నమునుండియో పోయి డాక్టరేటు ముగించి, విద్యార్థి వీసా గడువు చివర దినములు లెక్కించుకొనుచున్న యువకులకు, గ్రాంటున్నను ఉద్యోగపత్రము చేతికందని దుస్థితి అదియే. విశ్వవిద్యాలయముల అంతర్జాతీయ కార్యాలయములు తరువాతి సంవత్సరములలో ఆ ధ్రువీకరణములను సెప్టెంబరులోనే ముందుగా సంపాదించు అలవాటు చేసికొనినవి.

2018 డిసెంబరు 22న ఆరంభమైనది వేరొక తీరుది. మెక్సికో సరిహద్దు గోడకై ట్రంప్ అధ్యక్షుడు 570 కోట్ల డాలర్లు కోరగా ముప్పదియైదు దినములు సాగిన ఆ మూసివేతలో, ఎన్.ఐ.హెచ్., ఇంధన, రక్షణ శాఖల బిల్లులు ముందే నెగ్గియుండుటచే వాటి గ్రాంటులు నిరాటంకముగ నడచినవి. సైన్స్ ఫౌండేషను, నాసా, వ్యవసాయశాఖ, వాతావరణ, భూగర్భ సంస్థలు చిక్కుకొన్నవి. ఫౌండేషను జనవరి మాసపు సమీక్షా మండలులు వందకు పైగా రద్దయినవి. సియాటిల్‌లో జరిగిన ఖగోళశాస్త్ర మహాసభకు నాసా ఉద్యోగులు రాజాలకపోయిరి. అదే వారమున హబుల్ దూరదర్శినిలోని ప్రధాన కెమెరా మొరాయించినది. మూసివేత ముగియకముందే దానిని చక్కదిద్దిరి గాని, సెలవుమీద నున్న ఇంజనీర్లను పిలువవచ్చునా లేదా యను ప్రశ్న సైతము న్యాయవాదులను అడుగవలసిన స్థితి శాస్త్రమునకు గౌరవము కాదు.

ఇట్టి అనుభవములచేత సెప్టెంబరు మాసము గ్రాంటు కార్యాలయములలో వ్రతకాలమువంటిదైనది. మొదట పట్టిక: ఏ గ్రాంటు పూర్తికాలపు సొమ్ముతో ఒక్కసారిగ మంజూరైనది, ఏది ఏటేట విడతగ రావలసినది, ఏ విడత అక్టోబరు, డిసెంబరుల నడుమ పడుచున్నది. విడతలవారే ఆపదలో ఉన్నవారు. ఆ పిదప డ్రా చేయుట: నెలకొకసారి తీయువారు వారమునకొకసారి, చివరకు 30వ తేదీన మరొకసారి, ఆనాటివరకు పద్దెక్కిన ప్రతి డాలరును తీసికొందురు. గడువు పొడిగింపు, పద్దు మార్పు మొదలైన సంతకములు కావలసినవన్నియు ముందే పంపుదురు. అక్టోబరులో సంతకము పెట్టువాడుండడు. రావలసిన గ్రాంటు రానిచోట శాఖాధ్యక్షుడు పూచీపడగా తాత్కాలిక ఖాతా తెరతురు. ఆరంభ తేదీకి తొంబది దినముల ముందువరకు చేసిన ఖర్చును సంస్థ తన పూచీమీద పెట్టుకొనవచ్చునని నియమము. గ్రాంటు వచ్చినచో ఖర్చు దానికి మారును. రానిచో శాఖ నెత్తిన పడును. కాంట్రాక్టుల విషయమున పని నిలుపుమను ఉత్తరువు వచ్చినచో, వచ్చిన గంటనుండి ఒక్క నిమిషపు శ్రమయు పద్దెక్కరాదు. కనుక ఆ ఉత్తరువు ఎవరి పేర వచ్చినను చూచు మనిషి నొకని నియమింతురు.

ఈ నేర్పులన్నిటికిని అడుగున ఉన్నది నిల్వధనము. జాన్స్ హాప్కిన్స్ వంటి సంస్థ, దశాబ్దములుగ పరిశోధన వ్యయమున దేశములో అగ్రస్థానమునున్నది, కొన్ని వారములు ప్రభుత్వపు పాలును మోయగలదు. దక్షిణ రాష్ట్రములలో చారిత్రకముగ నల్లజాతివారివైన కళాశాలలు, ఆదివాసుల కళాశాలలు, చిన్న రాష్ట్ర విశ్వవిద్యాలయములు ఒక్క నెల జీతములకే తడుముకొనును. అందరికిని సమానముగ వచ్చునదని పైకి కనిపించు మూసివేత, నిజమునకు పేద సంస్థలనుండి ఎక్కువ వడ్డీ వసూలుచేయు అప్పు.

2025 అక్టోబరు 1న ఆరంభమై నవంబరు 12 వరకు, నలువదిమూడు దినములు సాగిన మూసివేత అంతకు ముందటి అన్నిటికంటెను దీర్ఘమైనది. అప్పటికి గ్రాంటు కార్యాలయముల విద్య ముదిరియున్నది. కాని దానికి పునాదియైన భేదమే ఆ యేడు కదలినది. కట్టుబడిన సొమ్ము చెల్లునను నమ్మకము మీదనే గదా ఇంత కట్టడము! ఆ ఫిబ్రవరిలో ఎన్.ఐ.హెచ్. పరోక్ష వ్యయమును నూటికి పదునైదునకు కుదింతునని ప్రకటింపగా న్యాయస్థానము అడ్డుపడవలసివచ్చెను. మంజూరై నడుచుచున్న గ్రాంటులు అనేకము నడుమనే రద్దయినవి. మూసివేతను ఎదుర్కొనుటకు పట్టికలు కలవు. మాట తప్పుటను ఎదుర్కొనుటకు పట్టిక లేదు, న్యాయవాది కలడు.

2019 జనవరిలో కాంగ్రెసు ఒక చట్టము చేసి, ఎన్నడు మూసివేత వచ్చినను ప్రభుత్వోద్యోగులకు ఆ దినముల జీతము పిదప చెల్లింపవలెనని నిర్ణయించినది. ఆ చట్టము విశ్వవిద్యాలయములను తాకదు. గ్రాంటు సొమ్మును ముందుగా తీసికొనిన సంస్థ దానిపై ఏడాదిలో 500 డాలర్లకు మించి వడ్డీ సంపాదించినచో, మించినదంతయు ప్రభుత్వమునకు తిరిగి కట్టవలెను. ప్రభుత్వము తాను చెల్లించుట ఆలస్యము చేసినచో సరఫరాదారులకు వడ్డీ యిచ్చు చట్టమొకటి కలదు. అది గ్రాంటులకు వర్తింపదు.